డయోనైసస్: గ్రీకు వైన్ దేవుడు, ఫాంటసీ పాత్రధారణ ఆటల్లో అతని స్థానం

డయోనైసస్ ప్రాచీన గ్రీకుల వైన్ దేవుడు. ద్రాక్షతీగకు, పూనకానికి, మాస్కుకు, నాటకానికి కూడా అతనే అధిదేవత. రోమన్లు అతన్ని బాకస్ పేరుతో కొలిచారు. గత అర్ధశతాబ్దంలో అతనికి మరో నెలవు దొరికింది. అవి ఫాంటసీ పాత్రధారణ ఆటలు, అంటే రోల్ ప్లేయింగ్ గేములు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మొదలుకొని ఎన్నో ఆటలు గ్రీకు దేవతలను తమ కల్పిత లోకాల్లోకి ఆహ్వానించాయి. వాటిలో చాలా పుస్తకాలు డయోనైసస్ గురించి ఉల్లాసానికీ వైన్‌కూ దేవుడని ఒక్క వరుసలో చెప్పి ఊరుకున్నాయి. గ్రీకు మూలాల్లోని డయోనైసస్ అంతకన్నా ఎంతో విస్తారమైనవాడు, భయం గొలిపేవాడు. ఆ మూలకథలకు దగ్గరగా జరిగినకొద్దీ ఆటలో అతని పాత్రకు ప్రాణం వస్తుంది.

పుట్టుక, పురాణగాథలు

థీబ్స్ రాజు కాడ్మస్ కూతురు సెమెలీ. ఆమెకూ దేవరాజు జ్యూస్‌కూ పుట్టినవాడు డయోనైసస్. జ్యూస్ భార్య హేరా అసూయతో సెమెలీ మనసులో అనుమానం నాటింది. నీ దగ్గరికి వచ్చేవాడు నిజంగా జ్యూస్ అయితే దేవలోకంలో ఉండే రూపంతోనే కనిపించమని అడుగు అని ఉసిగొల్పింది. ఇచ్చిన మాట తప్పలేక జ్యూస్ తన అసలు తేజస్సుతో ప్రత్యక్షమయ్యాడు. ఆ పిడుగుల మంటకు సెమెలీ కాలిపోయింది. నెలలు నిండని శిశువును జ్యూస్ తన తొడలో దాచి, గడువు నిండాక బయటికి తీశాడు. అందుకే గ్రీకులు అతన్ని రెండుసార్లు పుట్టినవాడు అన్నారు. నైసా అనే పర్వత ప్రాంతంలో వనదేవతలు అతన్ని పెంచారు. పెద్దయ్యాక అతను పాతాళానికి దిగి తల్లిని వెనక్కి తెచ్చి దేవతల్లో చేర్చాడని కూడా కథ ఉంది.

అతని కథల్లో ఎక్కువ భాగం ఒకే తీరుగా సాగుతాయి. ఊరికి ఒక కొత్తవాడు వస్తాడు. అతను దేవుడని కొందరు గుర్తిస్తారు, కొందరు కాదంటారు. కాదన్నవాళ్లు సర్వనాశనమవుతారు. హోమర్ పేరుతో ప్రసిద్ధమైన స్తోత్రాల్లో సముద్రపు దొంగల కథ ఇలాంటిదే. ఊదారంగు అంగీ వేసుకుని ఒడ్డున నిలబడ్డ యువకుణ్ణి రాజకుమారుడనుకుని దొంగలు ఓడలోకి ఎత్తుకెళ్తారు. కట్టిన తాళ్లు వాటంతటవే జారిపోతాయి. వీడు మనిషి కాడు, వదిలేయండి అని చుక్కాని పట్టినవాడు మొత్తుకుంటాడు. ఎవరూ వినరు. ఓడంతా వైన్ పారుతుంది, తెరచాప మీదికి ద్రాక్షతీగ పాకుతుంది, బందీ సింహమవుతాడు. సముద్రంలోకి దూకిన దొంగలు డాల్ఫిన్లుగా మారిపోతారు. చుక్కాని పట్టినవాడు ఒక్కడే బతుకుతాడు. క్రీ.పూ. 530 ప్రాంతంలో ఎక్సీకియస్ అనే కుమ్మరి చిత్రకారుడు ఒక పానపాత్ర లోపలివైపు ఈ ఘట్టాన్ని చిత్రించాడు. ద్రాక్షగుత్తులు వేలాడే ఓడ, చుట్టూ ఈదే డాల్ఫిన్లు ఉన్న ఆ పాత్ర ఇప్పుడు మ్యూనిక్ మ్యూజియంలో ఉంది.

ఇకారియస్ కథలో విషాదం ఇంకా చిక్కన. అట్టికా ప్రాంతపు రైతు ఇకారియస్ డయోనైసస్‌కు ఆతిథ్యమిచ్చి, ప్రతిఫలంగా వైన్ చేసే విద్య నేర్చుకున్నాడు. ఆ కొత్త పానీయాన్ని గొర్రెల కాపరులకు పంచాడు. మత్తెక్కిన కాపరులు తమకు విషం పెట్టాడనుకుని అతన్ని చంపేశారు. శవాన్ని చూసిన కూతురు ఎరిగొనీ ఉరి వేసుకుంది. దేవుడి కానుక దీవెనగానూ శాపంగానూ మారగలదన్న ఎరుక గ్రీకులకు మొదటినుంచీ ఉందని ఈ కథ చెబుతుంది.

ఆరాధన, ఉత్సవాలు

డయోనైసస్ గ్రీకు మతంలోకి ఆలస్యంగా వచ్చిన పరాయి దేవుడని ఒకప్పుడు పండితులు భావించేవారు. పైలోస్‌లో దొరికిన లీనియర్ బి లిపి మట్టి పలకలు ఆ అభిప్రాయాన్ని మార్చాయి. క్రీ.పూ. 13వ శతాబ్దం నాటికే గ్రీకు నేలమీద అతని పేరు వాడుకలో ఉందని అవి రుజువు చేశాయి. పరాయివాడిలా రావడం అతని చరిత్రలో జరిగిన సంగతి కాదు, అతని స్వభావమే అని ఇప్పటి పరిశోధకులు ఎక్కువమంది వివరిస్తారు.

ఏథెన్స్‌లో శీతాకాలం చివర మూడు రోజుల ఆంథెస్టీరియా పండుగ జరిగేది. మొదటి రోజు కొత్త వైన్ జాడీల మూతలు తీసేవారు. రెండో రోజు ఎవరి కూజా వారు పట్టుకుని, ఒకరితో ఒకరు మాట్లాడకుండా తాగేవారు. మూడో రోజు చనిపోయినవారిది. ఆ రోజు పాతాళ మార్గం చూపే హెర్మీస్‌కు గింజలు ఉడికించి నివేదించేవారు. వైన్, మౌనం, మృతులు ఒకే పండుగలో కలిసి ఉండడం గమనించదగ్గది. మామూలు రోజుల్లో గ్రీకులు వైన్‌లో నీళ్లు కలిపి తాగేవారు. నీళ్లు కలపకుండా తాగడం అనాగరికమని వారి నమ్మకం.

వసంతంలో జరిగే సిటీ డయోనీసియా ఉత్సవం పాశ్చాత్య నాటక చరిత్రకే పునాది. అక్రోపొలిస్ కొండ దక్షిణపు వాలులో ఉన్న డయోనైసస్ రంగస్థలంలో ముగ్గురు కవులు పోటీ పడేవారు. ఒక్కొక్కరు మూడు విషాద నాటకాలు, డయోనైసస్ అనుచరులైన సాటిర్లు పాత్రలుగా వచ్చే ఒక సాటిర్ నాటకం ప్రదర్శించేవారు. క్రీ.పూ. 486లో హాస్య నాటకాల పోటీ కూడా చేరింది. నటులు మాస్కులు ధరించి ఇంకొకరిగా మారడం ఈ దేవుడికి జరిగే పూజలో భాగం. యూరిపిడీస్ రాసిన ‘బాకే’ నాటకం అతను మరణించాక క్రీ.పూ. 405లో ప్రదర్శితమై ప్రథమ బహుమతి గెలుచుకుంది. అందులో థీబ్స్ రాజు పెంథియస్ డయోనైసస్‌ను నిరాకరించి, బంధించి, చివరికి అతని మాయలో పడతాడు. స్త్రీ వేషంలో కొండమీద పూనకపు స్త్రీలను దొంగచాటుగా చూడబోయి, కన్నతల్లి అగావే చేతుల్లోనే ముక్కలవుతాడు. తాను చంపింది సింహాన్నని ఆమె భ్రమ. అదే ఏడాది అరిస్టోఫనీస్ తన ‘కప్పలు’ నాటకంలో డయోనైసస్‌ను హాస్య నాయకుణ్ణి చేశాడు. అందులో అతను మంచి కవిని తెచ్చుకోవడానికి పాతాళానికి వెళ్లి, చనిపోయిన విషాద కవి ఈస్కిలస్‌తో తిరిగివస్తాడు. ఒకే సంవత్సరంలో, ఒకే నగరంలో, ఒకే దేవుడు భయంకరుడిగానూ నవ్వించేవాడిగానూ రంగమెక్కాడు.

రోమ్‌లో ఈ ఆరాధన పాలకులను కలవరపెట్టింది. రాత్రివేళ రహస్యంగా స్త్రీపురుషులూ, బానిసలూ, పౌరులూ కలిసి జరుపుకునే బాకనాలియా కూటములను క్రీ.పూ. 186లో సెనేట్ తీవ్రంగా అణచివేసింది. ఆ శాసనం చెక్కిన కంచు ఫలకం దక్షిణ ఇటలీలోని తిరియోలోలో 1640లో బయటపడింది.

భారతదేశంతో ముడి

డయోనైసస్ తూర్పు దేశాలను జయించాడన్న కథకు అలెగ్జాండర్ దండయాత్రతో కొత్త ఊపు వచ్చింది. అలెగ్జాండర్ సింధు నదివైపు వస్తూ నైసా అనే పట్టణం చేరాడని, అక్కడివారు తమ ఊరు డయోనైసస్ స్థాపించినదని విన్నవించుకుని స్వేచ్ఛ పొందారని చరిత్రకారుడు అరియన్ రాశాడు. ఆ కొండ మీద ఐవీ తీగ చూసి మాసిడోనియా సైనికులు ఆనందంతో తలలకు చుట్టుకున్నారట. చంద్రగుప్త మౌర్యుని ఆస్థానానికి వచ్చిన మెగస్తనీస్ అయితే, భారతీయులకు నగరాలూ చట్టాలూ వ్యవసాయమూ నేర్పింది డయోనైసస్ అని చెప్పాడు. క్రీ.శ. 5వ శతాబ్దంలో ఈజిప్టుకు చెందిన నోన్నస్ 48 సర్గల ‘డయోనీసియాకా’ రచించాడు. ప్రాచీన గ్రీకు కావ్యాల్లో మనకు మిగిలినవాటిలో అదే అతి పెద్దది. భారత రాజు డెరియాడెస్‌తో డయోనైసస్ సేన చేసే యుద్ధమే దాని ప్రధాన కథ. నేటి జీలం నది అందులో హైడాస్పెస్ అనే పేరుతో ఒక పాత్రగా వస్తుంది. సాటిర్లు, పూనకపు స్త్రీలైన మేనాడ్లు, చిరుతపులులతో కూడిన ఆ సైన్యవర్ణన ఏ ఫాంటసీ రచయితకైనా తరగని గని.

పాత్రధారణ ఆట, క్యాంపెయిన్ సెట్టింగ్

ఈ ఆటలో నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్. లోకాన్నీ, అందులోని శత్రుమిత్రులనూ, దేవతలనూ నడిపేది ఆ వ్యక్తే. మిగిలినవారిలో ఒక్కొక్కరు ఒక్కో పాత్రను ఎంచుకుని ఆ పాత్రగా మాట్లాడతారు, నిర్ణయాలు తీసుకుంటారు. ఫలితం అనిశ్చితంగా ఉన్నచోట పాచికలు తీర్పు చెబుతాయి. నెలల తరబడి సాగే కథను క్యాంపెయిన్ అంటారు. ఆ కథ జరిగే లోకాన్ని, అంటే దాని పటాలు, చరిత్ర, రాజ్యాలు, మతాలతో సహా, క్యాంపెయిన్ సెట్టింగ్ అంటారు. క్లెరిక్ అనే పూజారి పాత్రకు శక్తులు దేవుడి నుంచే వస్తాయి. కాబట్టి ప్రతి సెట్టింగ్‌కూ ఒక దేవతామండలి కావలసి వచ్చింది. తెలిసిన పురాణాలవైపు రచయితల చూపు మొదట మళ్లింది అందుకే.

ఆట పుస్తకాల్లోకి రాక

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనుబంధంగా 1976లో రాబర్ట్ కుంజ్, జేమ్స్ వార్డ్ ‘గాడ్స్, డెమీ-గాడ్స్ అండ్ హీరోస్’ తెచ్చారు. ఈజిప్టు, భారత, గ్రీకు, నార్స్ వంటి పురాణాల దేవతలకు ఆట లెక్కలు కట్టిన తొలి పుస్తకమిది. 1980లో అదే జంట పేరుతో వచ్చిన ‘డీటీస్ అండ్ డెమీగాడ్స్’ పెద్ద గ్రంథం. అందులోని గ్రీకు అధ్యాయంలో ఒలింపస్ దేవతల సరసన డయోనైసస్ కూడా ఉన్నాడు. 1985లో ఆ పుస్తకానికి ‘లెజెండ్స్ అండ్ లోర్’ అని పేరు మార్చారు. 1990లో రెండో ఎడిషన్ నియమాలకు తగ్గట్టు అదే పేరుతో కొత్తగా రాశారు. 2002లో మూడో ఎడిషన్ కోసం వచ్చిన ‘డీటీస్ అండ్ డెమీగాడ్స్’ గ్రీకు, ఈజిప్టు, నార్స్ మండలులను మళ్లీ విస్తరించింది.

మొదటితరం పుస్తకాల్లో దేవుడికి కూడా రాక్షసుడికి ఉన్నట్టే హిట్ పాయింట్లు (ప్రాణబలం లెక్క), కవచ సంఖ్య ఉండేవి. లెక్క ఉన్నదాన్ని ఓడించవచ్చన్నమాట. కొన్ని బల్లల దగ్గర ఆటగాళ్లు ఒలింపస్‌పై దండెత్తి దేవతలను చంపే దాకా వెళ్లారు. డయోనైసస్ విషయంలో ఈ పద్ధతి మరీ పొసగదు. అతని కథల్లో చాలావాటిలో కత్తియుద్ధం ప్రధానం కాదు. అతన్ని బంధించవచ్చు, అవమానించవచ్చు. గొలుసులు జారిపోతాయి, గోడలు కూలతాయి, బంధించినవాడి బుద్ధే అతనికి ఎదురు తిరుగుతుంది. అలాంటి శక్తిని హిట్ పాయింట్లతో కొలవడం కుదరదు.

చారిత్రక గ్రీసు నేపథ్యంగా ఆడేవారి కోసం 1994లో ‘ఏజ్ ఆఫ్ హీరోస్’ అనే సెట్టింగ్ పుస్తకం వచ్చింది. ఇతర సంస్థల ఆటలూ ఇదే దారి పట్టాయి. 2007లో వైట్ వుల్ఫ్ ప్రచురించిన ‘సయన్’ ఆటలో ఆటగాళ్లు నేటి ప్రపంచంలో తిరిగే దేవతల బిడ్డలు. అక్కడ తండ్రిగా ఎంచుకోదగ్గ గ్రీకు దేవతల్లో డయోనైసస్ ఒకడు. మనిషి తల్లికి పుట్టి దేవుడైనవాడు కాబట్టి ఆ ఆట ఇతివృత్తానికి అతను చక్కగా అమరుతాడు.

అలైన్‌మెంట్, డొమైన్, చిహ్నం

2014లో వచ్చిన ఐదో ఎడిషన్ ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’ అనుబంధంలో గ్రీకు దేవతల పట్టిక ఉంది. అందులో డయోనైసస్ ఉల్లాసానికీ వైన్‌కూ దేవుడు. అలైన్‌మెంట్ కేయాటిక్ న్యూట్రల్, డొమైన్ లైఫ్, చిహ్నం థిర్సస్.

అలైన్‌మెంట్ ఈ ఆటలో నైతిక స్వభావాన్ని సూచించే కొలమానం. ఒక అక్షం మీద క్రమం, అక్రమం ఉంటాయి. రెండో అక్షం మీద మంచి, చెడు ఉంటాయి. రెండింటి మధ్యలో తటస్థ స్థానం కూడా కలిపితే తొమ్మిది రకాలు వస్తాయి. డయోనైసస్‌కు దక్కిన స్థానం ప్రకారం అతను కట్టుబాట్లకు లొంగడు, మంచికీ చెడుకూ కట్టుబడడు. సముద్రపు దొంగల కథ, పెంథియస్ కథ చదివినవారికి ఇది సమంజసమే అనిపిస్తుంది. అయితే అతని ఉత్సవాలు నగరమే కాలపట్టిక ప్రకారం, అధికారుల పర్యవేక్షణలో జరిపేది. అరాచకాన్ని క్రమం లోపలికి పిలిచి, దానికి ఏడాదిలో కొన్ని రోజులు కేటాయించడం ఏథెన్స్ కనుగొన్న ఉపాయం. ఆ రాజీ అలైన్‌మెంట్ గళ్లలో ఒదగదు.

లైఫ్ డొమైన్‌ను, అంటే ప్రాణశక్తి విభాగాన్ని, ఎంచుకున్న క్లెరిక్ ప్రధానంగా గాయాలు మాన్పుతాడు. వైన్ దేవుడికి ఈ శక్తి ఎందుకని మొదట సందేహం కలగవచ్చు. చెట్టులోని రసం, ద్రాక్షలోని సారం, జీవుల్లోని తేమ అన్నింటికీ డయోనైసస్ అధిపతి అని ప్లూటార్క్ రాశాడు. ఏటా కత్తిరించినా మళ్లీ చిగిర్చే ద్రాక్షతీగ అతని సొంత రూపం. ఆ కోణంలో చూస్తే పట్టికలోని ఎంపిక సరైనదే. థిర్సస్ అంటే ఐవీ తీగ చుట్టి కొన మీద దేవదారు కాయ వంటిది అమర్చిన కర్ర. నాట్యంలో అది చేతికర్ర. ‘బాకే’ నాటకంలో దాన్ని రాతికి తాకిస్తే నీరు పుడుతుంది, విసిరితే మగవాళ్లు గాయపడి పారిపోతారు. ఒకే వస్తువు ఇటు మంత్రదండం, అటు ఆయుధం కావడం ఆట రూపకర్తలకు చాలా అనువైన సంగతి.

నివాసం: ఒలింపస్ నుంచి అర్బోరియా వరకు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ విశ్వంలో భూలోకానికి ఆవల అనేక లోకాలున్నాయి. వాటిని ప్లేన్స్ అంటారు. జెఫ్ గ్రబ్ 1987లో రాసిన ‘మాన్యువల్ ఆఫ్ ద ప్లేన్స్’ వాటికి సమగ్రమైన రూపమిచ్చింది. గ్రీకు దేవతలుండే లోకానికి అక్కడ ఒలింపస్ అని పేరు. దానికి ఒలింపస్, ఒస్సా, పెలియన్ అని మూడు అంతరువులు. ఈ మూడూ గ్రీసులోని నిజమైన కొండలే. ఆకాశాన్ని ముట్టడించడానికి ఓటస్, ఎఫియాల్టెస్ అనే రాక్షస సోదరులు కొండ మీద కొండ పేర్చబోయిన కథలోనివి. 1994లో వచ్చిన ప్లేన్‌స్కేప్ సెట్టింగ్‌లో ఈ లోకం అర్బోరియాగా మారింది. మహావృక్షాలు, పండిన తోటలు, అదుపు లేని ఆవేశాలు నిండిన చోటు అది. అక్కడ ఆనందమైనా కోపమైనా నిండుగానే ఉంటుంది. గ్రీకు దేవతలకు ఆ లోకంలోనే ఎల్ఫ్ దేవతలు ఇరుగుపొరుగు. డయోనైసస్‌కు ఇంతకన్నా తగిన ఇల్లు దొరకదు.

అనుచర గణం

పురాణంలో డయోనైసస్ ఒంటరిగా తిరగడు. సాటిర్లు, మేనాడ్లు, ముసలి గురువు సైలెనస్, చిరుతపులులు వెంట ఉంటాయి. ఆట ఈ గణాన్ని దేవుడికన్నా ఎక్కువగా వాడుకుంది. 1977 నాటి ‘మాన్‌స్టర్ మాన్యువల్’లోనే సాటిర్ ఉంది. అది వాయించే వేణువు వినేవారిని మోహింపజేయగలదు, నిద్రపుచ్చగలదు, భయంతో పరుగెత్తించగలదు. ఆటలోని సాటిర్‌కు మేకకాళ్లు, కొమ్ములు ఉంటాయి. క్రీ.పూ. 6వ, 5వ శతాబ్దాల గ్రీకు కుండల మీద కనిపించే సాటిర్‌కు గుర్రపు చెవులు, గుర్రపు తోక ఉంటాయి. మేకకాళ్లు పాన్ దేవుడి నుంచి తర్వాతి కాలంలో వచ్చి చేరాయి. ఫాంటసీ కళ ఈ రెండో రూపాన్నే స్థిరపరిచింది.

మేనాడ్ల సంగతి వేరు. ఇల్లూ మగ్గమూ విడిచి కొండలకు వెళ్లి దేవుడి పూనకంలో నాట్యమాడే స్త్రీలు వీరు. 2004లో వచ్చిన ‘ఎక్స్‌పాండెడ్ సయోనిక్స్ హ్యాండ్‌బుక్’ వీరి పేరును తీసుకుని మేనాడ్ అనే ఒక జాతిని సృష్టించింది. పైకి నిగ్రహంగా కనిపిస్తూ లోపల భగ్గుమనే కోపాన్ని అదిమిపెట్టుకునే మనస్తత్వం వీరిది. ఆ కోపం బద్దలైనప్పుడు శక్తిగా పైకి తన్నుకొస్తుంది. దేవుడూ ఆరాధనా లేకుండా పూనకాన్ని మాత్రం జన్మగుణంగా మార్చిన రూపకల్పన ఇది. మూలానికి దూరమే అయినా అదిమిన ఆవేశమే ప్రమాదమన్న యూరిపిడీస్ ఆలోచన అందులో కొంత మిగిలింది.

థీరోస్: వేడుకతో దేవుడైన జీనాగోస్

గ్రీకు పురాణాల స్ఫూర్తితో నిర్మించిన ఫాంటసీ లోకాల్లో థీరోస్ ప్రముఖమైనది. 2013లో ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ అనే కార్డుల ఆట కోసం విజర్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ దీన్ని సృష్టించింది. 2020లో ‘మిథిక్ ఒడిస్సీస్ ఆఫ్ థీరోస్’ పుస్తకంతో ఇది డంజన్స్ అండ్ డ్రాగన్స్ సెట్టింగ్ కూడా అయింది. ఇక్కడ జ్యూస్, పొసైడన్ వంటి పేర్లు ఉండవు. సూర్యుడికి హీలియోడ్, సముద్రానికి థాస్సా, మృతులకు ఎరెబోస్, కొలిమికి పర్ఫొరోస్, అడవికి నైలియా ప్రధాన దేవతలు.

థీరోస్‌లో దేవతలు మనుషుల నమ్మకం వల్ల పుట్టి, నమ్మకం వల్లే నిలుస్తారు. ఈ రహస్యం తెలుసుకున్నవాడు జీనాగోస్ అనే సాటిర్. లోకాల మధ్య ప్రయాణించగల ప్లేన్స్‌వాకర్ అయిన అతను, తన వేడుకలకు గుమిగూడే జనం ఉన్మాదాన్నే మెట్టుగా చేసుకుని దేవత్వం అందుకున్నాడు. 2014లో విడుదలైన ‘బార్న్ ఆఫ్ ద గాడ్స్’ కార్డుల సంపుటిలో అతను వేడుకల దేవుడిగా కనిపిస్తాడు. అదే ఏడాది ‘జర్నీ ఇంటూ నిక్స్’ కథలో ఎల్స్‌పెత్ అనే వీరనారి గాడ్‌సెండ్ అనే ఆయుధంతో అతన్ని సంహరిస్తుంది. కార్డుల ఆటలో ఈ దేవతలకు ఒక చక్కని నియమముంది. ఆటగాడి వైపు భక్తి తగినంత పోగుపడేదాకా దేవుడికి పోరాడే శరీరం రాదు. జీనాగోస్‌కు ఎరుపు, ఆకుపచ్చ రంగుల భక్తి ఏడు ఉండాలి. జనం ఉంటేనే దేవుడు అన్న కథను ఆట నియమమే పలుకుతుంది.

జీనాగోస్ డయోనైసస్‌కు నకలు కాడు. గ్రీకు దేవుడు జనాన్ని వారి నుంచి వారినే విడిపిస్తాడు, జీనాగోస్ ఆ జనాన్ని తన గద్దె కోసం వాడుకుంటాడు. మత్తులో తమను తాము మరిచిన గుంపును ఎవరైనా నడిపించగలరన్న హెచ్చరిక ఈ పాత్రలో ఉంది. అందుకే ఆధునిక ఫాంటసీలో డయోనైసస్ ఛాయల్లో బలమైనదిగా ఇతన్ని చెప్పుకోవాలి.

థీరోస్ పుస్తకం పయటీ అనే భక్తి లెక్కను కూడా ప్రవేశపెట్టింది. తన దేవుడి ఆశయాలకు తగ్గ పని చేసిన కొద్దీ పాత్ర లెక్క పెరుగుతుంది. 3, 10, 25, 50 దగ్గర ఒక్కో వరం లభిస్తుంది. దేవుడికి నచ్చనిది చేస్తే తగ్గుతుంది. ఈ పద్ధతిని డయోనైసస్‌కు అన్వయించుకోవడం సులువు. అపరిచితుడికి ఆతిథ్యమివ్వడం, సంకెళ్లు తెంచడం, పండుగ జరిపించడం లెక్కను పెంచుతాయి. అతిథిని అవమానించడం, నాటకాన్ని అడ్డుకోవడం, ద్రాక్షతోట నరకడం తగ్గిస్తాయి.

ఇతర లోకాల వైన్ దేవతలు

గ్రీకు పేరు వాడని సెట్టింగ్‌లు కూడా ఈ దేవుడి గుణాలను పంచుకున్నాయి. గైగాక్స్ సృష్టించిన గ్రేహాక్ లోకంలో ఒలిడమ్మారా సంగీతానికి, వేడుకలకు, వైన్‌కు, దొంగలకు, కొంటెతనానికి దేవుడు. నవ్వే మాస్కు అతని చిహ్నం, కేయాటిక్ న్యూట్రల్ అతని స్వభావం. మాస్కు, వైన్, సంగీతం డయోనైసస్‌ను గుర్తుచేస్తే, దొంగతనం, చమత్కారం హెర్మీస్‌ను గుర్తుచేస్తాయి. ఇద్దరు గ్రీకు దేవతలను కలిపి పోతపోసిన రూపమిది. ఇందులో ఉల్లాసం నిండుగా ఉంది, భయం లేదు.

పైజో సంస్థ పాత్‌ఫైండర్ ఆటకు నేపథ్యమైన గొలారియన్ లోకంలో కేడెన్ కైలియన్ ఇంకో దారి. అతను ఒకప్పుడు కిరాయి కత్తివీరుడు. తాగిన మైకంలో పందెం కట్టి, దేవత్వమిచ్చే స్టార్‌స్టోన్ పరీక్షకు అబ్సలోమ్ నగరంలోని ఆలయంలోకి వెళ్లి, దేవుడై బయటికి వచ్చాడు. మద్యంతో పాటు స్వేచ్ఛ, ధైర్యం అతని విభాగాలు. బానిసత్వాన్ని అతని భక్తులు సహించరు. డయోనైసస్‌కు విమోచకుడు అనే బిరుదు కూడా ఉండేది.  ఉల్లాసం, విమోచన ఒకే చేతిలో ఉండడమన్న ఆ పాత భావం కేడెన్‌లో కొత్త వేషంతో కనిపిస్తుంది.

క్యాంపెయిన్‌లో డయోనైసస్

గేమ్ మాస్టర్‌కు ఈ దేవుడు ఇచ్చే పెద్ద కానుక సిద్ధంగా ఉన్న కథా నిర్మాణాలు. సముద్రపు దొంగల గాథలో ఆటగాళ్లు ఓడ సిబ్బంది అయితే, బందీ ఎవరన్నది గుర్తించడమే పరీక్ష. సూచనలు ఒక్కొక్కటిగా వస్తాయి. తాళ్లు జారతాయి, నీళ్ల పీపాలోంచి వైన్ వాసన వస్తుంది, తెరచాప కొయ్య చిగురిస్తుంది. ఏ దశలో వారు పక్షం మార్చుకుంటారన్న దాన్నిబట్టి ముగింపు మారుతుంది. ‘బాకే’ నిర్మాణం ఇంకా లోతైనది. పండుగను నిషేధించిన రాజు ఆటగాళ్లకు బంగారమిచ్చి కొండమీది స్త్రీలను పట్టి తెమ్మంటాడు. రాజు మాట సమంజసంగానే వినిపిస్తుంది, కొత్తవాడి మాటా అంతే సమంజసంగా వినిపిస్తుంది. ఇకారియస్ కథ పల్లెటూరి హత్య పరిశోధనగా మారుతుంది. హంతకులకు తాము చేసింది ఆత్మరక్షణ అన్న నమ్మకం ఉండడమే అందులోని చిక్కు. పాతాళం నుంచి తల్లిని, లేదా చనిపోయిన కవిని వెనక్కి తేవడం ఉన్నత స్థాయి పాత్రలకు సరిపోయే సాహసం.

పూనకాన్ని నియమాల్లో ఎలా చూపాలన్నది సున్నితమైన విషయం. ఐదో ఎడిషన్‌లో సాధారణంగా విజ్డమ్ సేవింగ్ త్రో, అంటే మనోనిబ్బరాన్ని పరీక్షించే పాచిక, వేయించి, ఓడితే పాత్ర మోహితమైందని చెబుతారు. పాత్ర మీద అధికారం ఆటగాడి నుంచి జారిపోవడం ఇక్కడ జరుగుతుంది. అందరికీ అది నచ్చదు. పూనకాన్ని ఒక ప్రతిపాదనగా ముందుంచడం మేలు. నాట్యంలో చేరితే బలం, ధైర్యం, గాయాల నుంచి ఉపశమనం వస్తాయి. చేరినంతసేపు మిత్రుణ్ణీ శత్రువునూ వేరుచేసి చూడగల శక్తి తగ్గుతుంది. ఆ బేరాన్ని ఆటగాడే ఒప్పుకున్నప్పుడు దేవుడి ఆకర్షణ ఎలాంటిదో బల్ల దగ్గర కూర్చున్న అందరికీ అనుభవంలోకి వస్తుంది. మద్యపానం, అదుపు తప్పడం, గుంపు హింస కొందరికి సొంత జీవితంలో బాధ కలిగించిన విషయాలై ఉండవచ్చు. క్యాంపెయిన్ మొదలుపెట్టేముందు అందరూ కూర్చుని హద్దులు మాట్లాడుకునే సెషన్ జీరో అలవాటు ఈ దేవుడు వచ్చే కథలో తప్పనిసరి. 2020 నాటి ‘తాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్’ పుస్తకం ఈ అలవాటుకు అధికారిక నియమగ్రంథాల్లో చోటు కల్పించింది.

పూజారి పాత్ర ఎంచుకునేవారికి కూడా పానశాలలో కేకలు వేసే తాగుబోతు ఒక్కడే నమూనా కానక్కర్లేదు. ఊరూరా తిరిగే నాటక బృందపు పెద్ద, ద్రాక్షతోట నరికినవారిని వెతికే కాపలాదారు, మృతుల పండుగ జరిపించే ముసలమ్మ, సంకెళ్లు తెంచుకున్న బానిస, వైన్‌లో నీళ్ల పాలు నిర్ణయించే విందు పెద్ద కూడా ఈ దేవుడి సేవకులే.

ప్రాముఖ్యం

ఫాంటసీ ఆటల్లో యుద్ధ దేవుడికి, మృత్యు దేవుడికి దక్కినంత చోటు డయోనైసస్‌కు దక్కలేదు. యుద్ధం ఆట నియమాల్లో పెద్ద చోటు ఆక్రమించింది కాబట్టి ఏరీస్ వంటివారికి పని దొరుకుతుంది. వైన్ దేవుడు మాత్రం పానశాల దృశ్యానికి అలంకారంగా మిగిలాడు. అయినా ఆ బల్ల చుట్టూ జరిగేది ఎవరి పని అని అడిగితే గ్రీకులు చెప్పే జవాబు ఒక్కటే. ఒక మనిషి కొన్ని గంటలపాటు తన పేరు పక్కన పెట్టి ఇంకొకరి పేరుతో పలకడం, ఆ ఇంకొకరి బాధకు నిజంగా కన్నీళ్లు పెట్టుకోవడం, చుట్టూ ఉన్నవారు దాన్ని నమ్మి స్పందించడం ఏథెన్స్‌లో డయోనైసస్ ఆరాధనగా జరిగేవి. పాత్రధారణ ఆట ఆ కళకు నేటి వారసుల్లో ఒకటి. అందువల్ల ఇక ముందు రాసే సెట్టింగ్‌లలో ఈ దేవుడికి పట్టికలో ఒక వరుస చాలదు. పండుగ, రంగస్థలం, కొత్తవాడి రాక, నిరాకరించిన రాజు పతనం అన్నీ ఉన్న పూర్తి అధ్యాయం అతనికి కావాలి. దానికి కావలసిన సరుకంతా యూరిపిడీస్‌లో, స్తోత్రాల్లో, నోన్నస్ కావ్యంలో ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది.